ముఖాలు చివర చూడండి: మనుషులున్న చిత్రంలో భావాన్నీ బంధాలనూ చదివే పద్ధతి

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ళకు మూడు రకాల మనుషుల బొమ్మలు అలవాటు. రవివర్మ పోకడలో అచ్చయిన దేవుడి పటాలూ కేలెండర్లూ ఒకటి. ఒడిశా పటచిత్రాలు, అంటే పురాణ కథలు చెప్పే సంప్రదాయ బొమ్మలు, రెండోది. హస్తకళల మేళాల్లో గుడ్డమీదా కాగితంమీదా అమ్మే సవర గిరిజనుల బొమ్మలు మూడోది. ఒకదాన్ని చదివినట్టు ఇంకోదాన్ని చదివితే దెబ్బతింటాం. రవివర్మ తరహాలో ముఖం బాగానే మాట్లాడుతుంది. పటచిత్రంలో రాముడి ముఖం యుద్ధంలోనూ పట్టాభిషేకంలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సవర బొమ్మలో కళ్ళూ ముక్కూ అసలు వెయ్యరు. అయినా ఎవరు పెద్ద, ఎవరికి ఎవరు దగ్గర, ఎవరు విడిగా ఉన్నారు అన్నది మూడింట్లోనూ తెలుస్తూనే ఉంటుంది. ఆ సంగతి చెప్పేవి చూపులు, దూరాలు, ఎత్తులు, చేతులు. అందుకే ఈ పద్ధతిలో ముఖాన్ని కావాలనే చివరికి నెట్టేశాం. ముందే ముఖం చూస్తే "పాపం, బాధగా ఉంది" అన్న మాట నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ తర్వాత కన్ను ఆ మాటకు సాక్ష్యాలు వెతకడంలోనే ఉండిపోతుంది.

సరంజామా

చిత్రాన్ని ఏ4 కాగితంమీద రంగుల్లో ఒకటి, నలుపు తెలుపుల్లో ఒకటి ప్రింటు తీయించండి. ట్రేసింగ్ కాగితాలు రెండు, పెన్సిలు, ఎర్ర నీలి రంగు పెన్సిళ్ళు, స్కేలు ఉంటే చాలు. మొదటిసారి గంటన్నర కేటాయించండి. నాలుగైదు చిత్రాలయ్యాక ముప్పావుగంటలో తేలిపోతుంది.

ప్రింటు తీయించేముందు బొమ్మ నాలుగు అంచులూ పూర్తిగా ఉన్నాయో లేదో చూసుకోండి. నెట్‌లో దొరికేవాటిలో చాలావాటికి పక్కలు కోసేసి ఉంటాయి. అంచున నిలబడ్డ ఒక్క మనిషి ఎగిరిపోతే బంధాల లెక్క మొత్తం మారిపోతుంది. ఫోనులో చూస్తుంటే కంటికి హాయిగా ఉంటుందని పెట్టుకునే పసుపు వెలుగు ఆపేయండి. అది నీలాన్ని మింగేసి చల్లని చిత్రాన్ని వెచ్చగా చూపిస్తుంది. పాత కేలెండరు పటంతో దీనికి తిరగబడ్డ చిక్కు ఉంది. ఎండ తగిలిన అచ్చులో ముందుగా ఎరుపూ పసుపూ వెలిసిపోయి నీలం మిగులుతుంది. అలాంటి పటం చూసి "విషాదఛాయ" అని రాసేవాళ్ళు ఉన్నారు. అక్కడ ఉన్నది కిటికీ ఎండ చేసిన పని.

అసలు చిత్రం కొలత కూడా రాసిపెట్టుకోండి. వాన్ గో వేసిన 'బంగాళాదుంపలు తినేవాళ్ళు' (1885) 82 సెంటీమీటర్ల ఎత్తు, 114 సెంటీమీటర్ల వెడల్పు. దాని ముందు నిలబడితే ఆ బల్ల మనకు అందేంత దగ్గర్లో ఉన్నట్టుంటుంది. పర్లాకిమిడి గంజపా పేక (చేత్తో బొమ్మ వేసిన ఆట పేక) గుండ్రంగా అరచేతిలో ఇమిడిపోతుంది, దాన్ని పట్టుకున్నవాళ్ళే చూస్తారు. ఫోను తెరమీద ఈ రెండూ ఒకే సైజుకి వచ్చేస్తాయి.

1. పేరు మూసి, ఉన్నవి రాయండి

చిత్రం పేరు, వేసినవారి పేరు, కింద రాసిన వివరణ కాగితంతో కప్పేయండి. మూడు నిమిషాలు ఊరికే చూడండి. తర్వాత ఎంతమంది ఉన్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, పిల్లలెవరు, జంతువులు, సామాను ఏమున్నాయి అన్నది ఎడమనుంచి కుడికి రాయండి. భావం చెప్పే విశేషణం ఒక్కటి కూడా పడకూడదు. "దిగులుగా కూర్చున్న ఆడమనిషి" అని రాస్తే కొట్టేసి, "కూర్చున్న ఆడమనిషి, తల వంగి ఉంది, చేతులు ఒడిలో ఉన్నాయి" అని రాయండి. ఈ కట్టుబాటు వినడానికి తేలిక, పాటించడం కష్టం. విద్యార్థులు ఎక్కువగా జారేది ఇక్కడే.

2. చూపుల పటం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. తీరిగ్గా చెయ్యండి.

ట్రేసింగ్ కాగితం ప్రింటుమీద పెట్టి ప్రతి తలకూ ఒక సున్న చుట్టండి. ఒక మనిషి ఇంకో మనిషిని చూస్తుంటే ఎర్ర గీత, వస్తువునో బొమ్మ బయటికో చూస్తుంటే నీలి గీత గీయండి. కళ్ళు దించుకున్నవాళ్ళకు పెన్సిలుతో చుక్కల గీత. మనవైపు చూసేవాళ్ళ సున్నలో చిన్న చుక్క పెట్టండి. ప్రింటులో కంటిపాప తెలియకపోతే ముక్కుకొన, గడ్డం ఎటు తిరిగాయో చూసి గీయండి. తల ఒకవైపు, కళ్ళు ఇంకోవైపు ఉంటే రెండు గీతలూ వెయ్యాలి. తల మర్యాదకోసం ఒకరివైపు తిప్పి కళ్ళు వేరేచోట నిలిపిన మనిషి ఆ చిత్రంలో చాలా చెబుతుంది.

ఇప్పుడు ట్రేసింగ్ కాగితాన్ని విడిగా తెల్లకాగితంమీద పెట్టి నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఒకరినొకరు చూసుకుంటున్న జంటలు ఎన్ని? జవాబు రాని చూపులు ఎవరివి? ఎక్కువమంది చూస్తున్నది ఎవర్ని? ఎవరూ చూడని మనిషి ఎవరు?

వాన్ గో చిత్రంమీదే చేసి చూడండి. నూనెదీపం కింద బల్లచుట్టూ అయిదుగురు ఉన్నారు. ఎడమనుంచి రెండో మనిషి, ఒక ఆడమనిషి, తన పక్కనున్న మగాడివైపు చూస్తోంది. అతని చూపు ఆమెమీద లేదు. కుడివైపు ముసలాయన గిన్నె పట్టుకుని ఉన్నాడు. ఆ చివర ఆమె కిందికి చూస్తూ కాఫీ పోస్తోంది. ముందువైపు ఒక పిల్ల మనకు వీపు పెట్టి నిలబడింది, ఆమె ముఖమే తెలియదు. గీతలు గీశాక చూస్తే అయిదుగురిలో కలిసిన చూపు ఒక్కటీ ఉండదు. కానీ చేతులన్నీ ఒకే పళ్ళెం, ఒకే దీపం దగ్గర చేరాయి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి రాయాలి. చూపుల్ని మాత్రమే పట్టుకుని "వీళ్ళ మధ్య ప్రేమలేదు" అంటే తప్పు. పళ్ళేన్ని మాత్రమే పట్టుకుని "కలిసిమెలిసి ఉన్న కుటుంబం" అన్నా అంతే తప్పు. పొద్దంతా మట్టిలో పనిచేసి వచ్చినవాళ్ళు మాటల్లేకుండా కలిసి తింటున్నారు అన్నది రెంటికీ సరిపోతుంది.

కళ్ళు దించుకోవడం గురించి ఒక హెచ్చరిక. దించిన కంటికి నాలుగు కారణాలుండొచ్చు: చేతిలో పని, ఎదుటివాళ్ళమీద మర్యాద లేదా సిగ్గు, ప్రార్థన, దిగులు. కంటిని చూస్తే ఈ నాలుగూ ఒకేలా ఉంటాయి. తేల్చేది చేతులు. కళ్ళు దించి ఉండి చేతులు కదులుతుంటే పని. ఎదురుగా పెద్దవాళ్ళుంటే మర్యాద. పని లేదు, పెద్దలు లేరు, దేవుడు లేడు అని ఖాయం చేసుకున్నాకే దిగులు సంగతి ఎత్తండి.

3. దూరం, తాకిడి

బొమ్మలో ఒక మనిషి తల, గడ్డంనుంచి నడినెత్తిదాకా కొలవండి. అదే మీ కొలబద్ద. ఇద్దరి మధ్య ఖాళీ ఎన్ని తలలో చూడండి. సెంటీమీటర్లలో రాస్తే లాభంలేదు, ప్రింటు సైజు మారితే అంకె మారిపోతుంది. వెనకున్నవాళ్ళను చిన్నగా వేసిన చిత్రంలో ఒకే వరసలో ఉన్నవాళ్ళ మధ్యే కొలవాలి.

ఖాళీకి సొంతంగా అర్థం ఉండదు. అదే బొమ్మలో మిగతా ఖాళీలతో పోల్చినప్పుడే అర్థం వస్తుంది. నలుగురు అరతల దూరంలోనూ అయిదో మనిషి రెండు తలల దూరంలోనూ ఉంటే ఆ అయిదో మనిషి గురించి రాయాలి. అందరూ ఒకరిమీదొకరు పడుతున్నట్టు ఉంటే అది కాగితం ఇరుకు కావచ్చు, చనువు అనుకోకండి.

తాకిడి ఉన్నచోట ఏ చెయ్యి, అరచెయ్యా వేళ్ళా, భుజంమీదా మణికట్టుమీదా అన్నది రాయండి. అంతకంటే ముఖ్యం, తాకించుకున్న ఒళ్ళు ఎటు వాలింది? చేతివైపు వాలితే ఒక కథ, అవతలికి వాలితే ఇంకో కథ.

4. ఎత్తు హోదా చెబుతుంది, దూరం చనువు చెబుతుంది

ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం వ్యాఖ్యానాలు పాడవుతాయి. అందరికీ తెలిసిన రామపట్టాభిషేకం పటం తీసుకోండి. సింహాసనంమీద సీతారాములు, చుట్టూ నిలబడి తమ్ముళ్ళు, కింద మోకాళ్ళమీద హనుమంతుడు. ఎత్తు ప్రకారం లెక్కేస్తే హనుమంతుడు అందరికంటే కింద. దూరం ప్రకారం చూస్తే తమ్ముళ్ళకంటే ఆయనే రాముడి పాదాలకు దగ్గర. చాలా అచ్చుల్లో మిగతావాళ్ళు మనవైపో ఎదటికో చూస్తుంటే హనుమంతుడు రాముణ్ణే చూస్తాడు. హోదాలో చివర, చనువులో ముందు. ఒక పట్టిక గీసి, ఒక వరసలో ఎత్తు, ఒక వరసలో దూరం, ఒక వరసలో చూపు రాస్తే ఇలాంటివి వాటంతటవే బయటపడతాయి. వరసలు మూడూ ఒకేమాట చెబితే సాదా బంధం. ఒకదానికొకటి అడ్డుపడితే మీరు రాయాల్సిన విషయం అక్కడే ఉంది.

హోదా చూపడానికి ఎత్తు ఒక్కటే దారి కాదు. గంజపా పేకల్లో ప్రతి రంగులోనూ పన్నెండు పేకలుంటాయి, పది అంకెలవి, ఒకటి రాజు, ఒకటి మంత్రి. అరచేయంత చోటులో ఇద్దరికీ కిరీటాలతో ఠీవి చూపించే వీలులేదు. అందుకని పాత పద్ధతిలో రాజుని రథంమీద కూర్చోబెట్టి, మంత్రిని గుర్రమెక్కిస్తారు. వాహనం, కుర్చీ, గొడుగు, వెనక నిలబడి వీచేవాళ్ళు ఇవన్నీ ముఖం అక్కర్లేకుండా అధికారం చెప్పే గుర్తులు. బొమ్మలో ఎవరికి ఎవరు పని చేసిపెడుతున్నారో వెతకండి. సేవ అందుకునే మనిషికి సాధారణంగా చేతులు ఖాళీగా ఉంటాయి.

5. చేతులు

ప్రతి జత చేతులనూ విడిగా రాయండి. పట్టుకున్నాయా, ఇస్తున్నాయా, ఆపుతున్నాయా, దాక్కున్నాయా, ఊరికే ఉన్నాయా. ముఖాన్ని మోడల్ సర్దుకోగలదు, చేతులమీద అంత అదుపు ఉండదు. చిత్రకారుడికి కూడా చేతులు వెయ్యడం కష్టమే, కాబట్టి శ్రమపడి వేసినచోట కారణం ఉండే ఉంటుంది. చేతుల్ని పైటకిందా పూలబుట్టవెనకా దాచేసిన బొమ్మల్లో మాత్రం అర్థాలు తవ్వకండి, వెయ్యడం రాకపోవడమూ ఒక కారణమే.

6. బట్టలు, నగలు: సరిహద్దు కంటికి పడే చిక్కు

ఈ జిల్లాల తెలుగు పాఠకులకు ఇక్కడ లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. రెండు ఆచారాలు తెలిసిన కన్ను మనది. అయితే తొందరపడితే మన ఇంటి అర్థాన్ని పక్కింటి బొమ్మమీద రుద్దేస్తాం.

తలమీద కొంగునే చూడండి. ఒడియా ఇళ్ళల్లో కోడలు మామగారి ముందు, భర్త అన్నగారి ముందు తలమీద కొంగు కప్పుకోవడం ఎప్పటినుంచో ఉన్న మర్యాద. తీరాంధ్ర తెలుగు ఇళ్ళల్లో సాధారణంగా ఆ అలవాటు లేదు. మనవాళ్ళు గుడిలోనో ఎండలోనో చలికో కప్పుకుంటారు. అందుకే కొంగు కప్పుకుని తలవంచిన ఆడమనిషి బొమ్మ చూడగానే తెలుగు కన్నుకు దుఃఖం కనబడుతుంది, ఒడియా కన్నుకు పక్కన పెద్దవాళ్ళున్నారని తెలుస్తుంది. చిత్రంలో వయసు మళ్ళిన మగమనిషి ఎక్కడున్నాడో వెతికితే జవాబు దొరుకుతుంది. మనిషి కనబడకపోతే గుమ్మం దగ్గర చెప్పులో చేతికర్రో ఉండొచ్చు.

పెళ్ళయిన గుర్తులూ అంతే. మెడలో సూత్రాలు, నల్లపూసలు కనబడకపోతే మనం పెళ్ళికాని పిల్ల అనుకుంటాం. ఒడియా స్త్రీకి పాపిట్లో సిందూరం, చేతికి శంఖు గాజులు చూడాలి. మట్టెలు ఇద్దరికీ ఉంటాయి కాబట్టి వాటితో తేడా తెలియదు. తెల్లచీర కూడా అంత తేలిగ్గా చదవకూడదు. రవివర్మ వేసిన కేరళ స్త్రీలకు తెల్లబట్ట రోజువారీ కట్టు, వైధవ్యానికి సంబంధమే లేదు.

యువతీ యువకులు వేళాకోళమాడుతున్నట్టు ఉన్న బొమ్మలో ఇంకో మెలిక ఉంది. మేనరికం ఉన్న తెలుగు ఇళ్ళల్లో బావామరదళ్ళ సరసం పెద్దల ఎదుటే నడుస్తుంది. మేనరికం లేని ఒడియా కుటుంబాల్లో మేనత్త కొడుకు అన్నవరసే. కాబట్టి ఆ దృశ్యాన్ని "బావామరదళ్ళు" అనేముందు ఇల్లు ఎవరిదో బట్టల్నిబట్టి, గోడల్నిబట్టి తేల్చుకోండి.

నేతలు గుర్తుపట్టడం వస్తే చాలా ఉపయోగం. బరంపురం పట్టు అంచులో గుడి శిఖరంలాంటి కుంభం వరస ఉంటుంది, అది పెళ్ళికో పండక్కో కట్టేది. అలాంటి చీర కట్టుకుని పొయ్యిదగ్గర కూర్చున్న మనిషి కనబడితే ఇంట్లో శుభకార్యమైనా ఉండాలి, చిత్రకారుడు అలంకారంకోసం అబద్ధమైనా ఆడి ఉండాలి. కోట్‌పాడ్ నేతలోని ముదురు ఎరుపు ఒకప్పుడు కోరాపుట్ కొండల ఆడవాళ్ళ గుర్తు. ఇప్పుడు పట్నాల్లో ఉద్యోగస్తులూ కడుతున్నారు. చిత్రం ఏ ఏటిదో చూసి మాట్లాడాలి.

ఇంకొకటి, బట్టలు కొన్నిసార్లు మనిషిని కాక ప్రాంతాన్ని చెబుతాయి. రవివర్మ మైసూరు రాజుకోసం వేసిన సంగీతకారిణుల చిత్రంలో పదకొండుమంది స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో ప్రాంతపు కట్టులో ఉంటారు. చూపుల పటం గీస్తే వాళ్ళ మధ్య సంబంధం చాలా పలచగా తేలుతుంది. దాన్ని "ఒంటరితనం" అనకూడదు. అక్కడ కూర్చున్నది స్నేహితురాళ్ళు కారు, దేశంలోని ప్రాంతాలు.

7. వెలుగు, రంగు

నలుపు తెలుపు ప్రింటు ఇప్పుడు తీయండి. కళ్ళు సగం మూసి చూస్తూ బాగా వెలుగు, మధ్యరకం, చీకటి అని మూడు భాగాలుగా పెన్సిలుతో విడగొట్టండి. వెలుగు ఎవరిమీద పడింది, చీకట్లో ఎవరున్నారు, వెలుగు చీకట్ల అంచు ఇద్దరి మధ్యనుంచి పోతోందా అన్నది రాయండి. వెలుగు వచ్చేది దీపంనుంచా, కిటికీనుంచా, ఎక్కణ్ణుంచో తెలియదా? మూడోది అయితే అది చిత్రకారుడు కావాలని ఇచ్చిన ప్రాధాన్యం.

రంగుల విషయంలో నాట్యశాస్త్రం చెప్పిన జాబితా మనవాళ్ళకు తెలిసిందే. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురపు రంగు, రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు, అద్భుతానికి పసుపు. దీన్ని నిఘంటువులా వాడితే కష్టం. పటచిత్రంలో వెనకతలం ఎర్రగా ఉందంటే రౌద్రం అని అర్థం కాదు, ఇంగిలీకపు ఎరుపు ఆ పద్ధతిలో మామూలుగా వాడే వెనకరంగు. రంగు గురించి అడగాల్సింది ఒకటే: చుట్టూ ఉన్నవాటికంటే వేరుగా ఉన్నది ఏది? అందరూ మట్టిరంగుల్లో ఉంటే ఒక్కరే ఎరుపులో ఎందుకున్నారు?

8. అంచులు, అంచుల అవతల

ఒకే మనిషి ఉన్న బొమ్మలో బంధాలేముంటాయి అనుకోకండి. రెండో మనిషి బయట ఉండొచ్చు. రవివర్మ 1893లో వేసిన 'దేర్ కమ్స్ పాపా'లో చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి వేలు పెట్టి బొమ్మ బయటికి చూపిస్తోంది. తండ్రి వస్తున్నాడని పేరు చెబుతోంది, బొమ్మలో మాత్రం లేడు. చిత్రమంతా లేని మనిషి చుట్టూ తిరుగుతోంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య (1921–1992) పత్రికలకు వేసిన ముఖచిత్రాల్లో ఒంటరి స్త్రీలకూ ఇదే పరీక్ష పెట్టండి. ఒళ్ళు ఎటు తిరిగింది, కళ్ళు ఎటు తిరిగాయి, ఆ దిక్కున అంచుదాకా ఎంత ఖాళీ వదిలారు? చూపుకు ఎదురుగా చోటు ఎక్కువ ఉంటే ఎదురుచూపు. చూపు వెంటనే అంచుకు తగిలితే ఉక్కిరిబిక్కిరి.

మనం ఎక్కడ నిలబడ్డామో కూడా చూడండి. నేలమీద కూర్చున్నవాళ్ళ నడినెత్తి కనబడుతోందంటే చిత్రకారుడు మనల్ని నిలబెట్టాడు, మనం వాళ్ళకంటే పైన ఉన్నాం. వాళ్ళ కళ్ళు మన కళ్ళ ఎత్తులో ఉంటే మనకూ చాపమీద చోటిచ్చాడు.

9. ఇప్పుడు ముఖం

నోటి కొసలు, కనుబొమలు, దవడ బిగువు చూసి ఒక్కొక్కరికీ ఒకే మాట రాయండి. ఆ మాటను మీ చూపుల పటంతో, చేతుల పట్టికతో పోల్చండి. సరిపోతే మంచిది. సరిపోకపోతే ముఖాన్ని అనుమానించండి, గీతల్ని కాదు. నవ్వుతున్న ముఖం, బిగించిన పిడికిలి ఒకే మనిషికి ఉంటే రాయాల్సింది పిడికిలి గురించే.

పటచిత్రానికి, సవర బొమ్మకు మార్పులు

గంజాం జిల్లా బుగుడలోని విరంచినారాయణ ఆలయం గోడలమీద రామాయణ చిత్రాలు చూసేవాళ్ళు 2వ, 9వ మెట్లను మార్చుకోవాలి. ఈ సంప్రదాయంలో ముఖం పక్కనుంచి, ఛాతీ ఎదురుగా వేస్తారు. కన్ను చెవివైపు సాగి ఉంటుంది. కంటిపాప ఎటుందో వెతికి లాభంలేదు, ముఖం తిరిగిన దిక్కే చూపు. భావం నడుము ఒంపులోనూ, మెడ వాలులోనూ, చేతిముద్రలోనూ ఉంటుంది. ఒకే గోడమీద ఒకే మనిషి పదిసార్లు రావచ్చు. చెట్టో స్తంభమో అడ్డంగా వచ్చిందంటే ఘట్టం మారింది. ఇది తెలియకపోతే ఇద్దరు రాముళ్ళు పక్కపక్కన నిలబడినట్టు లెక్కేసి దూరాలు కొలిచేస్తారు. ఒంటిరంగు కూడా ఇక్కడ భావం కాదు, గుర్తింపు. రాముడు ఆకుపచ్చగా ఉన్నాడంటే అది రాముడని చెప్పడానికే. కాలంతో వన్నె తగ్గినచోట చేతివేళ్ళ గీతలు ముందు పోతాయి. అలాంటిచోట ముద్ర ఊహించి రాయకుండా "కనబడటం లేదు" అనే రాయండి.

గజపతి, రాయగడ జిల్లాల్లో సవరల గోడబొమ్మను ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు. చనిపోయినవాళ్ళకోసం, జబ్బు నయం కావాలని, పంట బాగుండాలని పూజారి చెప్పినమీదట వేసే బొమ్మ ఇది. గిరిజనుల జీవితంమీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ గత శతాబ్ది మధ్యలో వీటిని దగ్గరుండి నమోదు చేశాడు. చతురస్రపు చట్రం ఒక ఇల్లు, లోపల ఉన్నవాళ్ళు ఆ ఇంటికి పిలిచిన పెద్దలూ వాళ్ళ పరివారమూ. ఏనుగు, గుర్రం, గొడుగు, కుర్చీ, సైకిలు, రైలు, విమానం కూడా ఉంటాయి. ముఖాల్లేవు కాబట్టి ఎవరు ఎక్కారు, ఎవరు నడుస్తున్నారు, ఎవరు మోస్తున్నారు, ఎవరికి గొడుగు పట్టారు అన్నదే చదవాలి. ఏనుగెక్కిన మనిషిని చూసి "రాజు" అని వెంటనే అనకండి. చనిపోయిన సొంతమనిషికి ఆ గౌరవం ఇచ్చి ఉండొచ్చు. కొండల్లోకి అధికారం గుర్రంమీదా, కాగితాలతోనూ వచ్చింది కాబట్టి ఆ గుర్తుల్నే తమ పెద్దలకు తొడిగారు.

మేళాలో కొన్న సవర బొమ్మను ఇలా లోతుగా తవ్వకండి. అమ్మకానికి వేసినదాంట్లో నాట్యం వరసలు, చెట్లు, నెమళ్ళు అందంకోసం సమంగా సర్దుతారు. అందులో "సామూహిక జీవనం" కనిపెట్టడం కొన్నవాళ్ళ సరదా.

10. తీర్పు రాయడం

అన్నీ అయ్యాక నూటయాభై మాటల్లో ఒక పేరా రాయండి. అందులో నాలుగు ఉండాలి: ఎవరికీ ఎవరికీ మధ్య ఏముందని మీరు అనుకుంటున్నారు, దానికి చిత్రంలోంచి కనీసం మూడు సాక్ష్యాలు, మీ మాటకు అడ్డొచ్చే సాక్ష్యం ఒకటి, సాధ్యమైన ఇంకో అర్థం.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ (1913–1941) పారిస్ చదువు ముగించి ఇండియాకు తిరిగొచ్చిన కొత్తలో, 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' మీద ఇలా రాయొచ్చు:

"ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు, ఖాళీ చాలా తక్కువ. ఒకరినొకరు చూసుకోవడం లేదు, మనల్నీ చూడటం లేదు. చేతులకు పనిలేదు. వెనక గదిగానీ సామానుగానీ లేవు, వీళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరికోసం కూర్చున్నారో తెలియదు. పక్కనే ఉన్నా ఒకరికొకరు ఆసరా కాలేని స్థితి ఇది, తమ గురించి ఎవరో తీసుకోబోయే నిర్ణయానికి ఎదురుచూస్తున్నట్టుంది. బట్టల రంగులు మాత్రం దీనికి అడ్డొస్తాయి, అవి దిగులుపడే రంగులు కావు. పెద్దల ఎదుట ఒద్దికగా కూర్చున్న పిల్లలు అని కూడా చదవవచ్చు, కానీ ఆ పెద్దలకు గుర్తు బొమ్మలో ఎక్కడా లేదు."

ఇదే "ముగ్గురు అమ్మాయిలు ఎంతో విషాదంగా ఉన్నారు, భారతీయ స్త్రీ వేదన కళ్ళకు కట్టింది" అని రాస్తే ఒక్క సాక్ష్యమూ లేదు, ఏ బొమ్మకైనా అతికిపోతుంది. ఈ చిత్రానికి 1937లో బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం వచ్చిందని, ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉందని పేరా చివర చేర్చుకోండి. మొదట్లో మాత్రం వద్దు, పతకం సంగతి ముందే చెబితే చదివేవాళ్ళ కన్ను వంగిపోతుంది.

రెండో అర్థం రాయమన్నది మొహమాటానికి కాదు. ఇటలీ చిత్రకారుడు కారవజ్జో 1599–1600ల్లో రోములోని సాన్ లూయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చికి వేసిన 'సెయింట్ మాథ్యూకు పిలుపు'లో కుడినుంచి క్రీస్తు చెయ్యి చాపుతాడు. బల్లదగ్గర గడ్డంవాడు వేలు పెట్టి చూపిస్తున్నాడు. "నన్నా?" అంటున్నాడా, చివర తలవంచుకుని డబ్బు లెక్కపెడుతున్న కుర్రాణ్ణి చూపిస్తున్నాడా? ఇందులో మాథ్యూ ఎవరన్నదిమీద పండితులు ఇప్పటికీ ఒక మాటమీద లేరు. ఒక వేలు అయిదు డిగ్రీలు అటూఇటూ అయితే చిత్రంలో కథానాయకుడే మారిపోతాడు. అందుకే 5వ మెట్టులో ప్రతి చెయ్యీ విడిగా రాయమన్నాం.

11. కాగితం తీసి సరిచూడండి

ఇప్పుడు చిత్రం పేరు, ఏడు, వేయించినవాళ్ళెవరు అన్నవి చదవండి. మీ పేరాను మార్చాల్సివస్తే ఎర్ర పెన్సిలుతో మార్చండి, పాతది చెరపకండి. పేరు చెప్పేదీ చిత్రం చూపేదీ వేరైతే చిత్రం వైపే ఉండండి. చాలా చిత్రాలకు పేర్లు తర్వాత ఎవరో పెట్టినవే.

చివరిగా, ఆ ప్రింటును ఇంటిపక్క ఒడియావాళ్ళకు, వీలైతే మీకంటే పెద్దవయసు ఆడమనిషికి, పేరు చెప్పకుండా చూపించండి. మూడే అడగండి: వీళ్ళలో ఇంటి పెద్ద ఎవరు, కొత్తగా వచ్చిందెవరు, ఎవరు ఎవరితో మాట్లాడరు? ఆమె జవాబు మీ జవాబుతో కలవనిచోట ఏ గుర్తు చూసి అలా అన్నారో వేలు పెట్టి చూపించమనండి. ఎక్కువసార్లు ఆ వేలు కొంగుమీదో, గాజులమీదో, కూర్చున్న పీటమీదో పడుతుంది. అదే చోటు మీ 6వ మెట్టు కాగితంలో ఖాళీగా ఉందేమో చూసి, నింపి, పేరా మళ్ళీ రాయండి.